ఎంత సాగాం, ఎంత తొలగాం: వెనిస్ నావికుల పట్టిక

వెనిస్‌లోని మార్చియానా గ్రంథాలయంలో 1436 నాటి అట్లాసు ఒకటి ఉంది. దాన్ని తయారుచేసిన ఆంద్రేయా బియాంకో ఆ నగరపు ఓడల మీద పనిచేసిన నావికుడు. తర్వాతి కాలంలో ఫ్రా మావ్‌రో గీసిన ప్రసిద్ధ ప్రపంచ పటానికి చేయి సాయం చేసినవాడు కూడా ఆయనే. అట్లాసులో తీరాల పటాలున్నాయి, ప్రపంచ పటం ఉంది. మొదటి ఆకు మాత్రం లెక్కలది. వృత్తమూ గళ్ల చతురస్రమూ కలిసిన ఒక బొమ్మ, దాంతోపాటు అంకెల వరసలు. ఆ అంకెల పట్టికను ‘తొలెతా దె మార్తెలోయో’ అన్నారు.

పట్టికలో ఉన్నవి ఎనిమిది వరసలే. అరచేతిలో పట్టేంత చీటీ మీద రాసుకోవచ్చు. అయినా, ఒక సమతలంలో దిశ అంటే ఏమిటి, ఒక ప్రయాణాన్ని రెండు అంశలుగా ఎలా విడగొట్టాలి, అంశలు తెలిస్తే దిశను తిరిగి ఎలా రాబట్టాలి అనే మూడు ప్రశ్నలకూ ఆ చీటీ జవాబు చెబుతుంది. గణితశాస్త్రం సదిశలకు పేరు పెట్టింది 19వ శతాబ్దంలో. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే, చదువు పెద్దగా లేని మనుషుల చేత ఊగే ఓడ మీద సదిశల లెక్క చేయించిన పనిముట్టు ఇది. దాని పనితనాన్ని దగ్గరగా చూడాలని ఈ వ్యాసం.

బియాంకో దీన్ని కనిపెట్టలేదు, అందంగా రాసి పెట్టాడు. మయోర్కా దీవికి చెందిన తత్వవేత్త రమోన్ లుల్ 1295-96లో రాసిన విజ్ఞాన గ్రంథంలోనే, సముద్రం మీద నావికులు మైళ్లు ఎలా కొలుస్తారన్న ప్రశ్న వేసి ఈ రకం లెక్కను సూచించాడు. రోడ్స్ దీవి వాడైన మైకేల్ అనే ఆయన 1401లో వెనిస్ ఓడలో తెడ్డు వేసే పనికి చేరి, మెల్లగా పై హోదాలకు ఎదిగాడు. 1434 ప్రాంతంలో మొదలుపెట్టిన తన చేతిరాత పుస్తకంలో ఆయన కూడా మార్తెలోయో లెక్కలు రాసుకున్నాడు. పండితుడి పుస్తకం నుంచి తెడ్డు పట్టిన చేతి దాకా ఒకే పద్ధతి చేరిందంటే, అందులో ఏదో గట్టి సుగుణం ఉండి తీరాలి.

ముందు అవసరం చూద్దాం. తెరచాప ఓడకు వెళ్లాలనుకున్న దిక్కు ఒకటి, గాలి వెళ్లనిచ్చే దిక్కు ఇంకొకటి. తూర్పుకు పోవాలంటే గాలి ఆగ్నేయానికి తోస్తుంది. కాసేపు అలాగే పోయి, గాలి మళ్లాక ఈశాన్యంగా తిప్పుకుని, అసలు దారికి చేరుకోవాలి. ఈ మధ్యలో నావికుణ్ని వేధించే ప్రశ్నలు రెండు: నా గమ్యం వైపు ఎంత సాగాను? నా దారి నుంచి ఎంత పక్కకు తొలగాను? ఓడ నిజంగా నడిచిన వంకర దారి పొడవు ఆ రెండింటికీ జవాబు కాదు. 100 మైళ్లు నడిచి గమ్యానికి 70 మైళ్లే దగ్గర కావచ్చు. ఏ వైపుగా నడిచామన్నది పక్కన లేకపోతే దూరానికి అర్థం లేదు. దూరమూ దిశా కలిసిన ఈ జంటనే మన పాఠ్యపుస్తకాలు సదిశ అంటాయి.

దిశను వాళ్లు గాలుల పేర్లతో కొలిచారు. ఉత్తరపు గాలి త్రమొంతానా, తూర్పుది లెవాంతె, దక్షిణానిది ఓస్త్రో, పడమటిది పొనెంతె. మూలలకు గ్రేకో, షిరోకో, గర్బీనో, మాయెస్త్రో. ఈ ఎనిమిది గాలుల మధ్య 45 డిగ్రీల చొప్పున ఎడం. ఒక్కొక్క ఎడాన్ని నాలుగు పావులు చేస్తే చుట్టూ 32 దిక్కులు వస్తాయి. అంటే ఒక పావు 11¼ డిగ్రీలు. పట్టికలో కోణానికి కొలత ఈ పావే. ఓడ నడిచిన దిక్కుకీ, నడవాల్సిన దిక్కుకీ మధ్య ఎన్ని పావులున్నాయో చూసి ఆ వరసకు వెళ్లాలి. 100 మైళ్లు నడిచిన ఓడకు లెక్క ఇది:

1 పావు: పక్కకు 20, ముందుకు 98
2 పావులు: పక్కకు 38, ముందుకు 92
3 పావులు: పక్కకు 55, ముందుకు 83
4 పావులు: పక్కకు 71, ముందుకు 71
5 పావులు: పక్కకు 83, ముందుకు 55
6 పావులు: పక్కకు 92, ముందుకు 38
7 పావులు: పక్కకు 98, ముందుకు 20
8 పావులు: పక్కకు 100, ముందుకు 0

పక్కకు తొలగిన దాన్ని వాళ్లు ‘అలర్గార్’ అన్నారు, ముందుకు సాగిన దాన్ని ‘అవన్‌త్సార్’ అన్నారు. ఓడ నడిచిన 100 మైళ్లు లంబకోణ త్రిభుజంలో కర్ణం, ఈ రెండూ మిగిలిన భుజాలు. ఇవాళ మనం పక్కకు తొలగినదాన్ని సైన్ అనీ, ముందుకు సాగినదాన్ని కొసైన్ అనీ రాస్తాం.

ఈ పనితనంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసింది అక్షం ఎంచుకున్న తీరు. సదిశ అనగానే మన విద్యార్థి కాగితం మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీస్తాడు. అవి ఎప్పుడూ అక్కడే ఉంటాయనీ, ప్రపంచం వాటితోనే పుట్టిందనీ అనుకుంటాడు. తొలెతా చేసినవాడు ఉత్తర దక్షిణాలను కూడా అక్షాలుగా పెట్టుకోలేదు. ఓడ వెళ్లాల్సిన దారినే మొదటి అక్షం చేశాడు, దానికి లంబంగా ఉన్నది రెండోది. గమ్యం మారితే అక్షాలు మారతాయి. అదే గాలి, అదే 100 మైళ్లు, కానీ ఒక ఓడకు అందులో 92 మైళ్లు లాభం, ఇంకో రేవుకు పోయే ఓడకు 38 మైళ్లే లాభం. అంశలు సదిశలో దాగి ఉన్న శాశ్వత గుణాలు కావు. మనం ఏ దిశ గురించి అడుగుతున్నామో దాన్ని బట్టి వచ్చే జవాబులు అవి. సమతల సదిశల్లో నేర్చుకోవలసిన అసలు సంగతి ఇదే. ఎనిమిది వరసల పట్టిక దాన్ని ఒక్క వాక్యం రాయకుండా, తన నిర్మాణంతోనే నేర్పుతుంది.

ఉత్తరాన్ని అక్షంగా పెట్టుకుని ఉంటే, వచ్చిన అంశలను మళ్లీ దారి వెంబడి అంశలుగా మార్చుకోవాల్సి వచ్చేది. దారిని అక్షం చేయడంతో ఆ శ్రమ తప్పింది. పైగా దారికి కుడివైపు మూడు పావులు తొలగినా, ఎడమవైపు మూడు పావులు తొలగినా ఒకటే వరస సరిపోయింది. ఎనిమిది పావులు దాటితే ఓడ వెనక్కి పోతున్నట్టు. అప్పుడూ కొత్త అంకెలు అక్కర్లేదు. 10 పావులు తొలగిన ఓడకు 6 పావుల వరసే చూడాలి: పక్కకు 92, వెనక్కి 38. అంకె మారదు, దాని గుర్తు మారుతుంది. మన పుస్తకాల్లో ధన, రుణ గుర్తులు చేసే పనిని అక్కడ కుడి ఎడమలు, ముందు వెనకలు చేశాయి. ఎనిమిది వరసలతో 32 దిక్కులూ తీరిపోయాయి.

ఇంకా పొదుపు ఉంది. ‘పక్కకు’ అంకెల వరుసను 7వ పావు నుంచి పైకి చదివితే 98, 92, 83, 71, 55, 38, 20. పై నుంచి కిందికి ‘ముందుకు’ వరుస కూడా అదే. అంటే ఒక్క వరుస రాసి, రెండోదాన్ని తిరగేసి చదువుకోమని చెప్పవచ్చు. అయినా రెండూ విడివిడిగా రాశారు. చీకట్లో, దీపపు వెలుగులో, అలల మధ్య చదివేవాడికి తిరగేసే శ్రమ పెట్టకూడదన్న ఎరుక అందులో ఉంది. ఎక్కడ పొదుపు చేయాలో, ఎక్కడ చేయకూడదో రెండూ తెలిసిన చేయి అది.

కొలతల ఖచ్చితత్వం దగ్గర ఆ చేయి ఇంకా బాగా కనిపిస్తుంది. అంకెలన్నీ నిండు మైళ్లు. ఇవి మోటు అంకెలా అని అనుమానం వస్తే పైథాగరస్ సూత్రంతో పరీక్షించవచ్చు. 20, 98ల వర్గాల మొత్తం 10,004. అంటే కర్ణం దాదాపు సరిగ్గా 100. 38, 92లకు 99.5. 55, 83లకు 99.6. 71, 71లకు 100.4. నూరు మైళ్ల కర్ణంలో అర మైలు కూడా తప్పు రాలేదు. ఆ రోజుల్లో ఓడ వేగాన్ని అనుభవం ఉన్న కంటితోనే అంచనా కట్టేవారు. ముళ్లు వేసిన తాడుతో వేగం కొలవడం 16వ శతాబ్దంలో గాని పుస్తకాలకెక్కలేదు. చేతికి వచ్చే దూరమే అంచనా అయినప్పుడు పట్టికలో దశాంశాలు పెట్టడం గొప్పతనం అనిపించుకోదు, భారమవుతుంది. ఇచ్చిన సమాచారం ఎంత నికార్సైందో జవాబు కూడా అంతే నికార్సుగా ఉండాలి. ఆ కొలత తెలిసి ఆగడం కూడా పనితనమే.

ఈ అంకెలు తెలుగు పాఠకుడికి ఇంకో వైపు నుంచీ పరిచయమైనవే. 499లో ఆర్యభటుడు 3438 కళల వ్యాసార్ధం ఉన్న వృత్తానికి, 225 కళల మెట్టుతో 24 జ్యాలు, అంటే సైన్ విలువలు, వచ్చే లెక్క ఇచ్చాడు. 225 కళలంటే 3¾ డిగ్రీలు. అలాంటి మూడు మెట్లు కలిస్తే సరిగ్గా వెనిస్ నావికుడి ఒక పావు. కాబట్టి ఆర్యభటుడి వరుసలో 3వ, 6వ, 9వ జ్యాలను, అలా మూడేసి చొప్పున ఎంచి, వ్యాసార్ధాన్ని 100కు కుదిస్తే తొలెతా రావాలి. 3వ జ్యా 671, అది 19.5 అవుతుంది. 6వది 1315, అది 38.2. 9వది 1910, అది 55.6. 12వది 2431, అది 70.7. మిగిలినవి 83.2, 92.4, 98.1. ఒకరు గ్రహాల గతి కోసం, ఇంకొకరు రేవు చేరడం కోసం కట్టిన రెండు పట్టికలు ఒకే వృత్తాన్ని కొలిచాయి. భుజ, కోటి అని మన జ్యోతిర్గణితం పిలిచిన జంటనే నావికుడు పక్కకు, ముందుకు అన్నాడు.

అంకెలను నిదానంగా చదివితే దిశ స్వభావం కూడా అర్థమవుతుంది. దారి నుంచి ఒక్క పావు తొలగితే ముందుకు సాగడంలో పోయేది 2 మైళ్లే, కానీ పక్కకు 20 మైళ్లు జరిగిపోతాం. కొద్దిపాటి దిశ తప్పు, ప్రయాణం బాగానే సాగుతోందన్న భ్రమ కలిగిస్తూనే, మనల్ని రేవుకు 20 మైళ్ల అవతల నిలబెడుతుంది. చివరి వరసల్లో ఇది తలకిందులవుతుంది. 7 పావుల నుంచి 8 పావులకు పోతే పక్కకు పెరిగేది 2 మైళ్లే, ముందుకు ఉన్న 20 మొత్తం పోతుంది. కోణం సమానంగా పెరుగుతున్నా అంశలు సమానంగా పెరగవు. కోణం రెండింతలైతే అంశ కూడా రెండింతలవుతుందని పొరబడే విద్యార్థికి 20, 38, 55, 71 అన్న నాలుగు అంకెలు చాలు.

ఇక పట్టికలో రెండో సగం. నాకు దానిమీద మరింత గౌరవం. దారి నుంచి తొలగిన ఓడ తిరిగి దారికి రావాలి కదా. ఎంత కోణంలో తిరిగితే ఎంత దూరం నడవాలి, ఆ నడకలో ముందుకు ఎంత కలిసొస్తుంది? 10 మైళ్ల తొలగుడుకు లెక్క ఇచ్చారు. 1 పావు కోణంలో తిరిగొస్తే నడవాల్సింది 51 మైళ్లు, ముందుకు కలిసొచ్చేది 50. 2 పావులైతే 26, 24. 3 పావులైతే 18, 15. 4 పావులైతే 14, 10. చివరి వరసలో, అంటే నేరుగా లంబంగా తిరిగొస్తే, నడక 10, లాభం సున్న. మొదటి సగంలో కర్ణం తెలిసి భుజాలు కావాలి. ఇక్కడ ఒక భుజం తెలిసి కర్ణం కావాలి. ప్రశ్న తిరగబడింది కాబట్టి వేరే అంకెలు కట్టి ఇచ్చారు. నావికుడు పెద్ద భాగహారాలతో కుస్తీ పట్టనవసరం లేదు, త్రైరాశికం వస్తే చాలు.

ఒక ప్రయాణం వేసి చూద్దాం. ఓడ తూర్పుకు పోవాలి. గాలి వల్ల దక్షిణం వైపు మూడు పావులు తొలగి 100 మైళ్లు నడిచింది. పక్కకు 55, ముందుకు 83. ఇప్పుడు గాలి అనుకూలించింది, తూర్పు గీతకు తిరిగి చేరాలి. 2 పావుల కోణంలో వస్తే 55 మైళ్ల తొలగుడుకు నడక 143 మైళ్లు, ముందుకు లాభం 132. మొత్తం 243 మైళ్లు నడిచి 215 మైళ్లు సాగినట్టు. అలా కాకుండా 4 పావుల కోణంలో తిరిగొస్తే నడక 77, లాభం 55. మొత్తం 177 మైళ్ల నడకకు 138 మైళ్ల సాగుడు. త్వరగా దారికి రావడమా, నడిచిన ప్రతి మైలుకూ ఎక్కువ సాగడమా అన్నది నిర్ణయించుకునేది నావికుడు. పట్టిక ఆ నిర్ణయానికి తూకం చేతికిస్తుంది. ఇవాళ్టి కాలిక్యులేటరు మీద మొదటి దారినే లెక్కిస్తే 245 మైళ్ల నడక, 217 మైళ్ల సాగుడు వస్తాయి. ఎనిమిది వరసల చీటీకి, యంత్రానికి మధ్య తేడా నూటికి ఒకటి.

ఓడ ఒక్కసారి మలుపు తిరిగి ఊరుకోదు, పదిసార్లు తిరుగుతుంది. అంశల నిజమైన బలం అప్పుడు తెలుస్తుంది. ఓడ కుడికి 2 పావులు తొలగి 50 మైళ్లు నడిచిందనుకుందాం. 100కు ఉన్నదాంట్లో సగం: కుడికి 19, ముందుకు 46. తర్వాత ఎడమకు 4 పావులు తొలగి 100 మైళ్లు నడిచింది: ఎడమకు 71, ముందుకు 71. వంకర దారుల్ని నేరుగా కూడలేం. అంశల్ని మాత్రం మామూలు సంఖ్యల్లా కూడవచ్చు, తీసేయవచ్చు. ఎడమకు 71లో కుడికి 19 పోతే ఎడమకు 52. ముందుకు 46, 71 కలిపి 117. ఎన్ని మలుపులున్నా చివరికి మిగిలేవి రెండు సంఖ్యలే.

మరి బయలుదేరిన చోటు నుంచి ఇప్పుడున్న చోటు ఏ దిశలో ఉంది? పట్టికను వెనక నుంచి చదవాలి. పక్కకు 52, ముందుకు 117 అన్న నిష్పత్తి ఏ వరసకు దగ్గర? ముందుకున్నదాంట్లో పక్కది 100కు 44 వంతులు. 2 పావుల వరసలో అది 41, 3 పావుల వరసలో 66. కాబట్టి ఓడ ఎడమకు రెండు పావులకు కాస్త ఎక్కువగా ఉంది. దూరం కూడా ఆ వరసే చెబుతుంది: ముందుకు 92కు 100 నడక అయితే, 117కు 127. వర్గమూలం తీస్తే వచ్చేది 128. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నిష్పత్తి ఒక్కటీ దిశను పూర్తిగా చెప్పదు. ఎడమకు 52, ముందుకు 117 అన్నా, కుడికి 52, వెనక్కి 117 అన్నా నిష్పత్తి, గుర్తుతో సహా, ఒకటే. దిశలు మాత్రం పూర్తిగా ఎదురెదురు. ఈ నిష్పత్తిని, అంటే టాన్ విలువను, కనుక్కుని వెంటనే కోణం రాసేసే విద్యార్థులు తప్పేది ఇక్కడే. కుడి ఎడమలను, ముందు వెనకలను అంకె పక్కనే మోసుకెళ్లే నావికుడికి ఆ తప్పు చేసే వీలు తక్కువ.

ఈ పనిముట్టుకు హద్దు ఉంది. ఇది సముద్రాన్ని సమతలంగా భావిస్తుంది. భూమి గుండ్రం కాబట్టి ధ్రువాల వైపు పోయేకొద్దీ ఉత్తర దక్షిణ రేఖలు దగ్గరవుతాయి. పెద్ద మహాసముద్రాల మీద ఆ తేడాను పట్టించుకోక తప్పదు. మధ్యధరా సముద్రంలో కొద్ది రోజుల ప్రయాణానికి చదును లెక్క బాగా పనికొచ్చింది. అట్లాంటిక్ ప్రయాణాలు వచ్చాక నావికులు ఉత్తరాన్నే అక్షం చేసుకుని, ఉత్తర దక్షిణాల జరుగుడును, తూర్పు పడమరల జరుగుడును విడివిడిగా చూపే పెద్ద పట్టికలకు మారారు. 1802లో అమెరికాలో నథానియల్ బౌడిచ్ ప్రచురించిన నౌకాయాన గ్రంథంలోనూ ఆ రకం పట్టికలున్నాయి. అవసరం మారితే అక్షం మార్చుకోవాలన్న తొలెతా సూత్రం అక్కడా నిలిచే ఉంది.

1840లలో గణితవేత్త హామిల్టన్ సదిశ అన్న భావనకు పేరిచ్చాడు. 1880లలో శాస్త్రవేత్త విల్లర్డ్ గిబ్స్ ఇవాళ మనం చదివే సదిశ గణితానికి రూపం ఇచ్చాడు. అక్షాన్ని అవసరాన్ని బట్టి ఎంచుకోవడం మాత్రం ఇవాళ్టికీ తొలెతా పద్ధతే. ఇంటర్ ఫిజిక్సులో వాలు తలం మీద దిమ్మె లెక్క చేసేటప్పుడు మనం బరువును వాలు వెంబడి ఒక అంశగా, వాలుకు లంబంగా ఇంకో అంశగా విడగొడతాం. దిమ్మె జారేది వాలు వెంబడే కాబట్టి అక్షం కూడా అటే. శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. దిగుతున్న విమానానికి ఎదురుగాలి రన్‌వేకు మూడు పావులు పక్కగా 20 నాట్ల వేగంతో వీస్తోందనుకుందాం. పైలట్‌కు కావలసింది గాలి మొత్తం వేగం కాదు. అడ్డంగా ఎంత తోస్తుంది, ఎదురుగా ఎంత ఆపుతుంది అన్నవి కావాలి. తొలెతా మూడో వరస చాలు: అడ్డంగా 11 నాట్లు, ఎదురుగా దాదాపు 17.

సదిశలు బోధించే ఉపాధ్యాయులకు, నేర్చుకునే పిల్లలకు నా మనవి ఒకటే. సూత్రాలకు ముందు ఈ పట్టికను మీ చేత్తో తయారు చేయండి. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో పావు వృత్తం గీయండి. వృత్తలేఖినితో దాన్ని సగం చేయండి, ఆ సగాలను మళ్లీ సగం, మరొక్కసారి సగం. లంబకోణం ఎనిమిది పావులవుతుంది, కోణమానిని కూడా అక్కర్లేదు. చాపం మీద ప్రతి బిందువు నుంచి కింది గీతకు లంబం దించి, మిల్లీమీటర్లలో కొలవండి. వ్యాసార్ధం 100 మిల్లీమీటర్లు కాబట్టి లంబం పొడవే ‘పక్కకు’, దాని పాదం దాకా కింది గీత మీది పొడవే ‘ముందుకు’. 20, 98 వస్తాయి. 38, 92 వస్తాయి. మూడో పావు దగ్గర స్కేలు 55కూ 56కూ మధ్య నిలుస్తుంది. బియాంకో పట్టిక అక్కడ 55 అంది. మీరు ఏది రాస్తారో, ఎందుకు రాస్తారో ఆలోచించి రాయండి.